పంట రికార్డు అంటారు, బెంగళూరు పిండి మరకు గోధుమ ధర ఎందుకు దిగదు?

చదివేవాళ్ల కోసం మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్తాను. హిందూపురం నుంచి వచ్చి బెంగళూరు పీణ్యలో మూడు చక్కీలు (రాతి పిండి మరలు) పెట్టుకున్నారు. రోజుకు ఐదు టన్నుల దాకా ఆటా పట్టి, మారతహళ్లి, బీటీఎం వైపు మనవాళ్లు నడిపే పీజీలకు, మెస్సులకు వేస్తున్నారు. ఏటా గోధుమ పంట రికార్డు అని వార్త వస్తుంది. అయినా సంక్రాంతి నాటికి గోధుమ ధర ఎక్కి కూర్చుంటుంది, పీజీల వాళ్లేమో ఆటా రేటు పెంచనివ్వరు. ఏప్రిల్, మే నెలల్లోనే ఏడాదికి సరిపడా కొనిపెట్టుకోవాలా, చక్కీలు తీసేసి, మైదా, రవ్వ తీసే రోలర్ మిల్లుకు పోవాలా, అసలు ప్రభుత్వం ఈ వ్యాపారంలోంచి తప్పుకుంటే మన బాధలు తీరవా అని అడిగారు.

నేను ఈ ఊళ్లోనే రోలర్ మిల్లుల్లో పనిచేశాను. మొదట మిల్లు ఫ్లోర్ మీద, తర్వాత గోధుమ కొనుగోలులో. దక్షిణాదిలో పిండి మిల్లు బతుకు గోధుమ కొనేటప్పుడే తేలిపోతుంది. మిషన్లు ఎంత మంచివైనా కొనుగోలులో పోయిన డబ్బును పిండిలో రాబట్టలేం. ధర అలా ఎందుకు నడుస్తుందో తెలిస్తే మిగతా ప్రశ్నలకు జవాబులు మీకే తోస్తాయి.

2024-25 పంటను ప్రభుత్వం సుమారు 1,175 లక్షల టన్నులుగా లెక్కగట్టింది. ఆ అంకె చూసి ధర పడుతుందని కూర్చోవద్దు. అందులో రైతు ఇంటి తిండికి, విత్తనానికి ఉంచుకునేది పోవాలి. మద్దతు ధరకు ఎఫ్‌సీఐ (కేంద్రం నడిపే భారత ఆహార సంస్థ), రాష్ట్రాల సంస్థలు ఎత్తుకెళ్లేది పోవాలి. మిగిలిందే మండీల్లో వ్యాపారులకు, మిల్లులకు. జూన్ వచ్చేసరికి మండీకి వచ్చే సరుకు పలచబడుతుంది. అక్కడి నుంచి మళ్లీ మార్చి దాకా మన ధరను తేల్చేవి రెండే: వ్యాపారుల గోడౌన్లలో ఎంత ఉంది, ప్రభుత్వం తన గోడౌన్ తలుపు ఎప్పుడు తెరుస్తుంది.

అందుకని మీరు చూడాల్సిన అంకెలు వేరు. ఏప్రిల్ 1న కేంద్రం దగ్గరున్న పాత నిల్వ, ఆ సీజన్‌లో చేసిన సేకరణ, ఈ రెండూ కూడండి. అందులోంచి రేషన్‌కు, ఇతర పథకాలకు ఏటా పోయే సుమారు 184 లక్షల టన్నులు తీసేయండి. వచ్చే ఏప్రిల్ 1కి అత్యవసర నిల్వగా (బఫర్) ఉంచాల్సిన 74.6 లక్షల టన్నులూ తీసేయండి. మిగిలింది బహిరంగ మార్కెట్లోకి వదలడానికి వీలున్న సరుకు. 2024 ఏప్రిల్ 1న నిల్వ 75 లక్షల టన్నులే, పదహారేళ్లలో అంత తక్కువ ఎప్పుడూ లేదు. ఆ సీజన్ సేకరణ 266 లక్షలు. లెక్క వేస్తే 80 లక్షల టన్నుల పైన వదలొచ్చు. వదిలింది సుమారు 30 లక్షలు, అదీ డిసెంబరులో మొదలుపెట్టి. ముందు ఏడాది 2023లో జూన్ చివరి నుంచే వారం వారం ఈ-వేలం పెట్టి మొత్తం కోటి టన్నుల దగ్గర దాకా వదిలారు. ఒక ఏడాది ధర కుదురుగా ఉండి, ఇంకో ఏడాది చలికాలంలో ఎగబాకడానికి పంట కన్నా ఈ తేడాయే పెద్ద కారణం. నన్ను అడిగితే జూలై నెలలోనే ఒక మాదిరి కోటాతో వేలం తెరిచి, మార్చి దాకా సమంగా వదలడమే మేలు. ఆలస్యంగా తెరిచినప్పుడల్లా లాభపడేది గోడౌన్ ఉన్నవాడు, నష్టపోయేది నెల సరుకు మీద నడిచే మీలాంటివాళ్లు.

2022ని కొంచెం దగ్గరగా చూడాలి. ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలై ప్రపంచమంతా గోధుమ కోసం వెతుకులాట. మన ఎగుమతిదారులు పోటీపడి కొన్నారు. సరిగ్గా గింజ పాలుపోసుకునే మార్చిలో ఎండలు మండిపోయాయి. దేశంలో 1901 నుంచి ఉన్న రికార్డుల్లో అంత వేడి మార్చి లేదు. ఫిబ్రవరిలో 1,113 లక్షల టన్నులన్న అంచనాను మే నెలలో 1,064 లక్షలకు తగ్గించారు. రైతుకు బయట మద్దతు ధర కన్నా ఎక్కువ వస్తుంటే సర్కారు కాంటా దగ్గరికి ఎందుకు వస్తాడు? ముందు ఏడాది 433 లక్షల టన్నులున్న సేకరణ 188 లక్షలకు పడిపోయింది. మే 13న ఎగుమతి ఆపేశారు. పంజాబ్, హర్యానాల్లో ముడుచుకుపోయిన గింజ 6 శాతం దాటితే కొనని ఎఫ్‌సీఐ ఆ ఏడు 18 శాతం దాకా ఒప్పుకోవాల్సి వచ్చింది.

ఆ ముడుచుకున్న గింజ మిల్లుకు వచ్చినప్పుడు తెలిసింది అసలు సంగతి. బస్తా తూకం అంతే ఉంటుంది, గింజ లోపల తెల్ల భాగం తక్కువ, పొట్టు ఎక్కువ. మైదా, రవ్వ దిగుబడి పడిపోయి బూసా (మేతకు పోయే గోధుమ పొట్టు) పెరిగింది. ల్యాబ్‌లో ప్రోటీన్ అంకె మాత్రం బాగానే కనిపించేది, ఎందుకంటే ఎండకు ముందు దెబ్బతినేది పిండి పదార్థం. రిపోర్టులో ప్రోటీన్ ఒక్కటే చూసి కొన్నవాళ్లు దిగుబడిలో చేతులు కాల్చుకున్నారు. అందుకే లోడు దిగేటప్పుడు దోసెడు గింజలు తీసి వెయ్యి గింజల తూకమో, హెక్టోలీటరు (వంద లీటర్ల) తూకమో చూడమని కొత్తవాళ్లందరికీ చెప్తుంటాను.

ఆ సీజన్ చివరికొచ్చేసరికి, అంటే 2023 జనవరికి, ఢిల్లీ మార్కెట్లో క్వింటాల్ 3,000 దాటింది. జనవరి 25న ప్రభుత్వం 30 లక్షల టన్నులు వదులుతామంది, తర్వాత ఇంకో 20 లక్షలు కలిపింది. మనకు ముఖ్యమైనది ఫిబ్రవరిలో తీసుకున్న నిర్ణయం: వేలం కనీస ధరలో రవాణా ఖర్చు తీసేసి దేశమంతా ఒకటే రేటు పెట్టారు. నాణ్యమైన సరుకుకు 2,150 రూపాయలు. లూధియానా మిల్లుకు ఎంతో వైట్‌ఫీల్డ్ డిపోలో మనకూ అంతే. పంజాబ్ నుంచి ఇక్కడికి రెండు వేల కిలోమీటర్లకు పైగా తెచ్చే కిరాయి ప్రభుత్వం భరించినట్టు. ఆ కొన్ని వారాల్లో దక్షిణాది మిల్లులు కోలుకున్నాయి. గోడౌన్ నింపుకుని కూర్చున్న వ్యాపారులకు మాత్రం నడుం విరిగింది. ఏడాదికి సరిపడా కొనిపెట్టుకోవాలా అన్న మీ ప్రశ్న ఇక్కడే తగులుతుంది.

ఏడాది సరుకు ముందే కొనడం లెక్కలో పెట్టి చూద్దాం. మిల్లు దగ్గర గోధుమ క్వింటాల్ 3,000 అనుకోండి. వడ్డీ నెలకు రూపాయి చొప్పున 30 రూపాయలు. గోడౌన్ అద్దె, పొగబెట్టడం, ఇన్సూరెన్స్, తరుగు కలిపి ఇంకో 10 వేసుకోండి. మే నెలలో కొన్నది జనవరిలో వాడితే క్వింటాల్‌కు 320 రూపాయలు పడుతుంది. అంటే జనవరి ధర 3,320 దాటితేనే మీరు బాగుపడ్డట్టు. రోజుకు ఐదు టన్నులంటే నెలకు 130 టన్నులు, 39 లక్షల రూపాయలు. పది నెలలకు దాదాపు నాలుగు కోట్లు. అంత డబ్బు ఇరికించి కూర్చున్నాక ప్రభుత్వం ఒక శుక్రవారం సాయంత్రం వేలం రేటు తగ్గిస్తే మీ దగ్గర చేయడానికి ఏమీ ఉండదు. పైగా ప్రభుత్వం అప్పుడప్పుడు నిల్వ పరిమితులు పెడుతుంటుంది. 2023 జూన్‌లో హోల్‌సేల్ వ్యాపారికి 3,000 టన్నులతో మొదలైన పరిమితిని సెప్టెంబరులో 2,000కి, డిసెంబరులో 1,000కి, ఫిబ్రవరిలో 500కి దించారు. మిల్లుల్లాంటి ప్రాసెసర్లకు కెపాసిటీని బట్టి వేరే లెక్క పెట్టారు, ప్రభుత్వ పోర్టల్‌లో ప్రతి శుక్రవారం నిల్వ చూపించమని 2024 ఏప్రిల్ నుంచి ఆదేశం వచ్చింది. చిన్న యూనిట్‌వాళ్లు దీన్ని పట్టించుకోరు. దయచేసి పట్టించుకోండి.

నా సలహా ఇది. ఏప్రిల్ మూడో వారం నుంచి జూన్ మొదటి వారం లోపల రెండు, రెండున్నర నెలల సరుకు కొనండి. అంతకు మించి అప్పు తెచ్చి కొనవద్దు. తర్వాత ఎప్పుడూ నెల సరుకు చేతిలో ఉండేలా నడపండి. ఈ-వేలంలో పేరు నమోదు చేసుకోండి. 2023లో కనీస లాట్ 10 టన్నులే పెట్టారు, పెద్ద మిల్లులు ఊడ్చుకుపోకుండా ఒక్కొక్కరికి మొదట 100 టన్నులే అన్నారు. అది మీ సైజుకు కుట్టిన చొక్కా. మీవాళ్లలో చాలామంది కాగితాల పనికి భయపడి యశవంతపురం యార్డులో మధ్యవర్తి దగ్గర అదే గోధుమను ఎక్కువకు కొంటున్నారు.

ఎండాకాలంలో కొనమనడానికి ధర కన్నా బలమైన కారణం తేమ. మధ్యప్రదేశ్ నుంచి మే నెలలో వచ్చే గోధుమలో తేమ 9 శాతం దగ్గర ఉంటుంది. అదే గోధుమ వానాకాలమంతా గోడౌన్‌లో ఉంటే గాలిలో తేమ పీల్చుకుని 12కి పోతుంది. వంద కిలోల్లో మొదటి దానిలో 91 కిలోల పొడి సరుకు, రెండో దానిలో 88. మూడు కిలోలు మీరు నీళ్లు కొన్నట్టు. లెక్కగడితే 12 శాతం తేమ ఉన్న గోధుమ 2,900కి వస్తేనే 9 శాతం గోధుమ 3,000తో సమానం. క్వింటాల్‌కు వంద రూపాయలు! పది, ఇరవై రూపాయల కోసం ఫోన్లో గంటసేపు బేరమాడే వాళ్లు తేమ మీటరు కొనకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. లారీ తలుపు తీసి పైబస్తా ఒక్కటే చూడకండి, అడుగు వరస నుంచి కూడా బొంగు గుచ్చి శాంపిల్ తీయండి.

కొత్త గోధుమ వచ్చిన మొదట్లో పిండి జిగటగా ఉండి చపాతీ కర్రకు అంటుకుంటుంది. మెస్ వంటమాస్టరు ఏప్రిల్లో మీకు ఫోన్ చేసి తిట్టేది దీనికే. పాత గోధుమ కొంత మిగుల్చుకుని, కొత్తదాన్ని మొదట పాతిక శాతం, తర్వాత సగం కలుపుతూ నెల రోజుల్లో పూర్తిగా మారండి. నాణ్యత చూడటానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. 25 గ్రాముల పిండిని 15 మిల్లీలీటర్ల నీళ్లతో ముద్ద చేసి, గిన్నె నీళ్లలో గంటసేపు మునగనివ్వండి. తర్వాత కొళాయి సన్నగా తిప్పి, సన్నని జల్లెడ మీద చేత్తో పిసుకుతూ కడగండి. తెల్లనీళ్లు పోయి తేటనీళ్లు వచ్చేసరికి చేతిలో సాగే ముద్ద మిగులుతుంది. అదే గ్లూటెన్. తూచి మూడుతో భాగిస్తే ఎండు గ్లూటెన్ దాదాపు తెలుస్తుంది. ఏడు గ్రాముల ముద్ద వచ్చిందంటే ఎండు లెక్కన 9 శాతం పైన, చపాతీకి దిట్టంగా సరిపోతుంది. ఆహార భద్రతా సంస్థ ఆటాకు పెట్టిన కనీసం 6 శాతం, మైదాకు 7.5 శాతం. ఆ ముద్దను లాగి చూడండి. సాగి మళ్లీ దగ్గరికొస్తే మంచిది, పుటుక్కున తెగినా, చీమిడిలా జారినా ఆ లోడును వేరేదానితో కలపాల్సిందే.

రోలర్ మిల్లు సంగతికొస్తే, అది మీ వ్యాపారానికి తర్వాతి మెట్టు అనుకుంటున్నట్టున్నారు. అది వేరే వ్యాపారం. రోలర్ మిల్లులో గోధుమను నీళ్లతో తడిపి తేమ 16 శాతం దగ్గరకు తెచ్చి, పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల దాకా బిన్‌లో నాననిస్తాం. పొట్టు మెత్తబడి తునక కాకుండా రేకులా విడిపోవాలి, లోపలిది పొడిగా విరగాలి. గాట్లున్న బ్రేక్ రోలర్లు గింజను చీలుస్తాయి, ప్లాన్‌సిఫ్టర్ జల్లిస్తుంది, ప్యూరిఫయర్ గాలితో రవ్వను శుభ్రం చేస్తుంది, నున్నటి రోలర్లు మైదా చేస్తాయి. వచ్చేది ముఖ్యంగా మైదా, తర్వాత బొంబాయి రవ్వ, చిరోటి రవ్వ, కొంచెం మిగులు ఆటా, నాలుగో వంతు దాకా బూసా. మీ పీజీలు అడిగేది చపాతీ ఆటా. చక్కీ రాళ్ల మధ్య వేడికీ ఒరిపిడికీ పిండి రేణువులు నలిగి ఎక్కువ నీళ్లు పీలుస్తాయి, అందుకే ఆ చపాతీ మధ్యాహ్నం దాకా మెత్తగా ఉంటుంది. రోలర్ పిండిలో ఆ నలుగుడు తక్కువ. బ్రెడ్డుకూ పరోటాకూ బాగుండే మైదా అమ్మాలంటే మీకు బేకరీలు, బిస్కెట్ కంపెనీలు, పరోటా హోటళ్లు కావాలి. వాళ్లు నెలన్నర అప్పు అడుగుతారు. రోజుకు 60 టన్నుల ప్లాంటు పెడితే నెలకు 1,500 టన్నులు, ఒక్క నెల గోధుమకే నాలుగున్నర కోట్లు. ఇప్పటికే సగం కెపాసిటీతో నడుస్తున్న ప్లాంట్లు మన చుట్టూ ఉన్నాయి. వాటితో పోటీకి దిగే బదులు నాలుగో చక్కీ, ఒక మంచి క్లీనింగ్ లైన్, రాళ్లు తీసే డీస్టోనర్ పెట్టుకోండి. చక్కీ రాళ్లకు గాట్లు కొట్టించడం వాయిదా వేయకండి. అరిగిన రాయి పిండిని మరీ వేడెక్కించి మాడు వాసన తెస్తుంది.

గోధుమ పండని చోట ఇన్ని మిల్లులు ఎలా బతుకుతున్నాయని కూడా రాశారు. గోధుమ ఏడాది నిల్వ ఉంటుంది, ఆటా మూడు నెలలకే పురుగు పడుతుంది. కాబట్టి గింజగానే ప్రయాణం చేయించి తినేవాళ్ల దగ్గర పిండి చేయడం నయం. ఇండోర్ నుంచి ఇక్కడికి లారీలో దాదాపు 1,400 కిలోమీటర్లు, పెద్దవాళ్లు 2,600 టన్నుల రైలు రేక్ తెప్పిస్తారు. రెండో కారణం బూసా. కోలారు, తుమకూరు, రామనగర నుంచి మన అనంతపురం, చిత్తూరు దాకా పాడి ఆవులున్న ఇళ్లు లెక్కలేనన్ని. కర్ణాటక పాల సహకార సంఘాలు దేశంలో రెండో పెద్దవి. ఆ ఆవుల మేతగా బూసా ఇక్కడే అమ్ముడుపోతుంది, కిరాయి మిగులుతుంది. ఎండాకాలంలో పచ్చిగడ్డి తగ్గి బూసా ధర పెరిగితే చాలా మిల్లులకు ఆ నెల లాభం అదే. ధార్వాడ, విజయపుర వైపు పండే కప్లీ గోధుమ ఉందిగానీ అది ప్రత్యేకంగా అడిగేవాళ్లకు అమ్ముకునే సరుకు, మిల్లు నడిపేంత దొరకదు.

ప్రభుత్వం తప్పుకుంటే బాగుంటుందన్న మాటకు నేను ఒప్పుకోను. 1956లో అమెరికాతో పీఎల్-480 అనే ఆహార సహాయ ఒప్పందం చేసుకుని, 1966 కరువులో కోటి టన్నుల ధాన్యం దిగుమతి చేసుకున్న దేశం మనది. ఓడ వస్తేనే రేషన్ అన్న రోజులవి, అమెరికా అధ్యక్షుడు నెల నెలా లెక్క చూసి ఓడలు వదిలేవాడు. తమిళనాడుకు చెందిన సి. సుబ్రహ్మణ్యం వ్యవసాయ మంత్రిగా 1966లో మెక్సికో నుంచి 18,000 టన్నుల అధిక దిగుబడి గోధుమ విత్తనం తెప్పించారు. ఎఫ్‌సీఐ 1965లో పుట్టింది, మొదటి ప్రధాన కార్యాలయం మద్రాసులోనే. మద్దతు ధర, సేకరణ ఉన్నాయి కాబట్టే పంజాబ్ రైతు ఆ విత్తనం నమ్మి వేశాడు. అలాగని అంతా ప్రభుత్వమే చేయబోతే ఏమవుతుందో 1973లో చూశాం. గోధుమ హోల్‌సేల్ వ్యాపారం మొత్తం తన చేతిలోకి తీసుకుంది, సరుకు దాక్కుంది, ఏడాది తిరక్కుండా వదులుకుంది. పొరుగున శ్రీలంకను చూడండి. గోధుమంతా దిగుమతే, మిల్లులు రేవు ఒడ్డున ఉంటాయి. 2022లో డాలర్లు అయిపోయేసరికి బ్రెడ్డు ధర జనానికి అందకుండా పోయింది. మనకు ఆ గతి పట్టలేదు.

దిగుమతి విషయంలో మాత్రం దక్షిణాదికి ఒక న్యాయం జరగాలి. 2019 నుంచి గోధుమ మీద 40 శాతం సుంకం ఉంది. ఆ సుంకంతో తూత్తుకుడికో చెన్నైకో ఆస్ట్రేలియా గోధుమ తెచ్చుకోవడం కిట్టదు. 2016 డిసెంబరులో సుంకం సున్నా చేసి, కొత్త పంట వచ్చే 2017 మార్చిలో 10 శాతం వేశారు. నిల్వ తక్కువున్న ఏళ్లలో అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మన రేవులకు పరిమిత కోటా మీద సుంకం తగ్గించి, కోతల ముందు మళ్లీ వేస్తే ఉత్తరాది రైతుకు నష్టం ఉండదు, అక్కడి గోధుమ మీద ఒత్తిడీ తగ్గుతుంది. శాశ్వతంగా సున్నా చేయమని అడిగే మిల్లర్లతో నేను ఏకీభవించను. రైతు గోధుమ మానేసిన రోజు మన మరలు ఆగిపోతాయి.

ఇక మీ పీజీల రేటు. ఏడాదికి ఒకే రేటుకు ఒప్పుకుంటే గోధుమ ఎక్కినప్పుడల్లా ఆ నష్టం మీ జేబులోంచి పోతుంది. పిండి పట్టే కూలి, కరెంటు, సంచి, తరుగు, మీ లాభం కలిపి కిలోకు ఒక స్థిరమైన మొత్తం రాసుకోండి. దానికి నెల ఒకటో తేదీ, పదిహేనో తేదీ యార్డు గోధుమ ధర కలిపి బిల్లు వేస్తానని కాగితం మీద పెట్టండి. గోధుమ తగ్గినప్పుడు మీరూ తగ్గిస్తారని చూపించండి, ఒకటి రెండుసార్లు తగ్గించాక వాళ్లే నమ్ముతారు. సరుకు 30 కిలోలు, 50 కిలోల బస్తాల్లో వేయండి. 2022 జూలై 18 నుంచి ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన 25 కిలోల దాకా ఉన్న సంచులకు 5 శాతం జీఎస్టీ ఉంది, అంతకు పెద్ద బస్తాకు లేదు. నెలకు 20 బస్తాలు తీసుకునే పీజీకి ఆ 5 శాతం మిగలడం చిన్న సంగతి కాదు.